గుండె దడ, ఈసీజీ నార్మల్, "నెల్లూరు పోయి చూపించండి" అన్నారు: అక్కడ అసలు ఏం చేస్తారు?

కందుకూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు, ప్రశ్న పెద్దది కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తా. వాళ్ళమ్మగారికి 52 ఏళ్ళు, కొన్ని నెలలుగా ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంటా పది పదిహేను నిమిషాలు ఉండి టక్కున ఆగిపోతోందంట. ఊళ్ళో డాక్టరు ఈసీజీ తీస్తే నార్మల్. "గ్యాసో టెన్షనో అయ్యుండొచ్చు, ఎందుకైనా మంచిది నెల్లూరులో కార్డియాలజిస్టుకి చూపించండి, వాళ్ళు అవసరం అనుకుంటే మద్రాసులో రిథమ్ డాక్టరు కాడికి పంపిస్తారు" అన్నాడంట. ఆమేమో "గుండెలోకి వైర్లు పంపిస్తారంట, నేను రాను" అని కూర్చుంది. పైగా ఇంట్లో నాయనమ్మకి పేస్‌మేకర్ ఉంది, చెకప్‌కి పోయి రెండేళ్ళు దాటింది, ఇద్దర్నీ ఒకే ట్రిప్పులో చూపించుకోని రావచ్చా అని కూడా అడిగాడు.

నేను డాక్టర్ని కాదు తమ్ముడూ. నెల్లూరులో కార్డియాలజీలో టెక్నీషియన్ని, ఈసీజీ, ఎకో రూము, ట్రెడ్‌మిల్, హోల్టర్, క్యాథ్ ల్యాబ్, అన్ని చోట్లా చేశాను, జుట్టు కూడా ఆడే నెరిసింది. ఏ మందు వేసుకోవాలి, ఏది ఆపాలి అనేది మీ డాక్టరే చెప్పాలి, నేను చెప్పను. లోపల ఏం జరుగుద్ది, ఏం తీసుకెళ్ళాలి, దేనికి భయపడక్కర్లేదు, అది మాత్రం చెప్తా.

ముందు ఈ "ఈసీజీ నార్మల్" సంగతి. మామూలు ఈసీజీలో కాయితం మీద పడేది పది సెకన్లు. పదంటే పదే. రోజుకి గుండె సుమారు లక్ష సార్లు కొట్టుకుంటే అందులో ఒక పన్నెండో పదమూడో దెబ్బలు చూసి, ఆ టైములో అంతా బాగుంది అని చెప్పినట్టు. మీ అమ్మగారు దడ ఆగిపోయినాక డాక్టరు కాడికి పోయారు గదా, మరి ఆ కాయితం నార్మల్ కాక ఇంకేం వస్తది? కాబట్టి ఆ రిపోర్టు చూసి "ఏం లేదులే" అని వదిలెయ్యొద్దు, అట్టాగని ఏదో దాచిపెట్టారని కంగారు పడొద్దు. రిథమ్ చెకప్ మొత్తం కలిపి చూస్తే చేసే పని ఒకటే, దడ వచ్చినప్పుడు దాన్ని కాయితం మీద పట్టుకోవడం. ఆ ఒక్క కాయితం మీ చేతిలో ఉంటే సగం టెస్టులు తప్పిపోతాయి, మిగతా సగం తొందరగా అయిపోతాయి.

ఇంకోటి, గుండె జబ్బు అనగానే మనోళ్ళకి బ్లాకు, స్టెంటు, ఈ రెండే గుర్తొస్తాయి. మీది రైతు ఇల్లే కాబట్టి మోటారు లెక్కలో చెప్తా. బోరు నీళ్ళు పొయ్యకపోతే మూడు చూస్తాం, మోటారు బాగుందా, పైపు పూడిపోయిందా, స్టార్టరూ కరెంటూ సరిగ్గా వస్తన్నాయా. గుండెకి మోటారు చూసేది ఎకో, పైపులు చూసేది యాంజియోగ్రామ్, కరెంటు చూసేది ఈ రిథమ్ డాక్టరు, ఆయన్ని ఎలక్ట్రోఫిజియాలజిస్టు అంటారు, ఆస్పత్రుల్లో అందరూ ఈపీ డాక్టర్ అనే పిలుస్తారు. కార్డియాలజీ చదివినాక మళ్ళీ ఈ కరెంటు పని కోసం విడిగా ట్రైనింగ్ అయి వచ్చినోళ్ళు. పైపులు శుభ్రంగా ఉండి కరెంటులో తేడా ఉండొచ్చు, అందుకే "యాంజియోగ్రామ్ నార్మల్ వచ్చింది, అయినా దడ వస్తోంది" అనే వాళ్ళు చాలామంది.

ఇప్పుడు నెల్లూరు బయల్దేరే లోపల ఇంట్లో చెయ్యాల్సినవి. కరోనా టైములో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఏ బీరువాలోనో పడుంటది, తీసి బ్యాటరీ వేసి అమ్మగారి దిండు పక్కన పెట్టండి. దడ మొదలవగానే వేలికి పెట్టి ఫోన్‌తో ఒక నిమిషం వీడియో తియ్యండి, అంకె కనపడేటట్టు, టైము కూడా నోటితో చెప్పండి. పల్స్ 110 ఉందా 180 ఉందా అనేది డాక్టరుకి చాలా పెద్ద విషయం. అంకె ఎగుడుదిగుడుగా మారిపోతా ఉన్నా అదీ ఒక సమాచారమే. చేతికి కట్టుకునే బీపీ మెషీన్ ఉన్నా పర్లేదు, అదీ పల్స్ చూపిస్తది. ఈసీజీ తీసే స్మార్ట్ వాచ్ ఇంట్లో పిల్లల దగ్గరుంటే ఇంకా మంచిది, అది 30 సెకన్లు ఒక్క లీడు, అంటే ఒక్క వైపు నుంచి మాత్రమే తీస్తది గానీ ఆ పీడీఎఫ్‌ని ఈపీ డాక్టర్లు బాగానే చూస్తారు. దడ ఇరవై నిమిషాలు దాటినా ఆగకపోతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా కందుకూరు ఏరియా హాస్పిటలో, దగ్గర్లో ఈసీజీ ఉన్న ఏ క్లినిక్కో అక్కడికి పోయి "దడ ఉండగానే ఈసీజీ తియ్యండి, తర్వాత ఇంజెక్షన్" అని అడగండి. ఇంజెక్షన్ ఇచ్చి ఆపేసినాక తీసిన ఈసీజీ మళ్ళీ నార్మలే, కథ మొదటికొస్తది.

ఇది ఓపిగ్గా చూసుకోదగ్గ దడకి చెప్పింది. దడతో పాటు స్పృహ తప్పినా, గుండెలో బరువుగా నొప్పి వచ్చి చెమటలు పట్టినా, ఊపిరి అందకపోయినా వీడియోలు గీడియోలు వద్దు, 108 కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయుంటే ఆ సంగతి డాక్టరు అడక్కపోయినా చెప్పండి, మనోళ్ళు అపశకునమని ఆ మాట ఎత్తరు.

డాక్టరు మిషన్ల కన్నా ముందు నమ్ముకునేది మీరు చెప్పే కథని. అమ్మగారిని ముందే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి, ఎందుకంటే అక్కడ ఓపీలో పక్కన ఇరవై మంది నిలబడుంటే ఆమె "ఏం లేదు సార్, రొంత నీరసం" అని లేచొస్తది, నేను రోజూ చూసే తంతే ఇది. దడ మెల్లిగా పెరిగి మెల్లిగా తగ్గుద్దా, లేకపోతే స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ ఆపినట్టు ఆగుద్దా? మీరు రాసిన దాన్ని బట్టి రెండోది, అది చాలా ముఖ్యమైన గుర్తు. గొంతులో, మెడలో కూడా కొట్టుకున్నట్టు ఉంటదా? ఆగినాక ఒంటేలు ఎక్కువగా వస్తదా? ఇదేం ప్రశ్న అనుకోవద్దు, ఎస్‌వీటీ అని, గుండె పై భాగంలో కరెంటు తేడా వల్ల వచ్చే రకం దడ ఉంది, అందులో గుండె పై గదులు సాగి విడుదలయ్యే హార్మోన్ వల్ల అట్టా వస్తది, ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పరు. ఇంకో చిన్న పని, దడ ఎట్టా కొట్టుకుంటదో బల్ల మీద వేలితో కొట్టి చూపించమనండి. సమానంగా గబగబా కొడితే ఒక రకం, తాళం తప్పి అడ్డదిడ్డంగా కొడితే ఇంకో రకం, మామూలుగా కొడతా మధ్యలో ఒకటి ఆగి తర్వాత గట్టిగా ఒక దెబ్బ కొడితే అది ఎక్టోపిక్, ఈ చివరిది మనలో చాలామందికి వస్తది, గుండె బాగుంటే ఎక్కువ శాతం ఏం కాదు.

ఏం తీసుకెళ్ళాలంటే, పాత ఈసీజీలు అన్నీ. ఆ కాయితం థర్మల్ పేపరు, కొన్నాళ్ళకి గీతలు వెలిసిపోతాయి, కాబట్టి తీసిన రోజే ఫోటో తీసి జిరాక్స్ చేయించుకోండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు! ఆ వేడికి కాయితం మొత్తం నల్లగా అయిపోద్ది, ఒక పెద్దాయన తన మొదటి ఈసీజీని భద్రంగా లామినేషన్ చేయించి తెచ్చాడు, బొగ్గు పలక లాగుంది. తర్వాత వేసుకునే మందుల షీట్లు అన్నీ ఒక కవర్లో వేసుకోని పోండి, థైరాయిడ్ బిళ్ళ, ఆయాసానికి పీల్చే ఇన్‌హేలరు, జలుబు బిళ్ళలు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరు లేని పొట్లాలు, చూర్ణాలు, ఏదీ దాచొద్దు. ఇన్‌హేలరు, జలుబు మందులు కూడా దడ తెప్పిస్తాయి. ఆధార్, రేషన్ కార్డు ఎట్టాగూ పెట్టుకోండి.

బట్టల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. అమ్మగారిని ముందు హుక్కులుండే జాకెట్టు వేసుకోమనండి, ఈసీజీకీ ఎకోకీ అదే వీలు. లేడీ టెక్నీషియన్ కావాలని అడగండి, మొహమాటం ఏం లేదు, చాలా చోట్ల ఉంటారు, లేకపోతే సిస్టరు పక్కన నిలబడతారు. తాళిబొట్టు తీయమంటారేమోనని చాలామంది ఆడవాళ్ళు లోలోపల భయపడతా ఉంటారు, ఈసీజీకి తియ్యక్కర్లేదు, ఛాతీ మీద అంటించే వాటికి తగలకుండా భుజం వైపు జరిపితే చాలు.

పొద్దున్నే టిఫిన్ చేసే పోండి, ఈ ఓపీ టెస్టులకి పస్తు అక్కర్లేదు. షుగరు ఫాస్టింగ్‌లో చూడాలంటే ఆ రక్తం ఒక్కటి ముందు ఇచ్చేసి తినొచ్చు. అక్కడ బీపీ చూసి మళ్ళీ ఈసీజీ తీస్తారు. మొన్నే తీశాం గదా అని గొడవ పడొద్దు, దీంట్లో కార్డియాలజిస్టు వెతికేది వేరే, దడ లేనప్పుడు కూడా కొందరి ఈసీజీలో పుట్టుకతో ఉన్న కరెంటు అడ్డదారి గుర్తు చిన్నగా కనపడుద్ది, డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు, జనరల్ డాక్టర్లకి ఒక్కోసారి అది దొరకదు. పది ఎలక్ట్రోడ్లు అంటిస్తారు, ఛాతీకి ఆరు, కాళ్ళకీ చేతులకీ నాలుగు. కరెంటు మన ఒంట్లోకి పోదు, మన ఒంట్లోదే మిషన్ చదువుద్ది, షాకులేం ఉండవు. తర్వాత రక్తం, హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం, క్రియాటినిన్ ఇట్టాంటివి. మన వైపు రక్తం తక్కువుండే ఆడవాళ్ళు ఎక్కువ, థైరాయిడ్ కూడా ఎక్కువే, గుండె వైపు పోకుండా అక్కడే సమాధానం దొరికిన వాళ్ళని చాలామందిని చూశా.

ఎకో అంటే కడుపుతో ఉన్నోళ్ళకి తీసే స్కానింగే, గుండెకి తీస్తారు. ఎడమ పక్కకి తిరిగి పడుకోబెట్టి, చల్లటి జెల్లు రాసి, పక్కటెముకల మధ్యలో ప్రోబు పెట్టి నొక్కుతారు, సన్నగా ఉన్నోళ్ళకి ఆ నొక్కుడు రొంత నొప్పెడుద్ది, అంతకు మించి ఏం లేదు. లైట్లు తీసేసి చేస్తారు, మధ్యలో "ఊపిరి బిగబట్టండి" అంటారు. అందులో గుర్రపు డెక్కల చప్పుడు లాంటిది గట్టిగా వినపడుద్ది, అది రక్తం పోయే శబ్దం, భయపడి లేచి కూర్చున్న అవ్వలున్నారు.

రిపోర్టు చేతికిచ్చాక ఎవరికి వాళ్ళు గూగుల్ చేసి జ్వరం తెచ్చుకునేది ఇక్కడే. ఈఎఫ్ 60 శాతం అని ఉంటే 40 శాతం గుండె పోయిందని ఒకాయన ఏడ్చాడు. ఈఎఫ్ అంటే గుండె ఒక్కో దెబ్బకి తనలో ఉన్న రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తదో ఆ లెక్క, అది ఎవరికీ వంద ఉండదు, 55 నుంచి 70 దాకా నార్మల్. "ట్రివియల్ ఎంఆర్, ట్రివియల్ టీఆర్" అంటే వాల్వు కాడ అతి కొద్దిగా వెనక్కి కారడం, మంచి ఆరోగ్యంగా ఉన్నోళ్ళలో కూడా కనపడుద్ది. "గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్", అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య గుండె సడలడం రొంత తగ్గడం, యాభై దాటిన వాళ్ళ రిపోర్టుల్లో ఊరికే కనపడుద్ది, బీపీ అదుపులో పెట్టుకోమని చెప్తారు. "నో ఆర్‌డబ్ల్యూఎంఏ" అంటే గుండె గోడలన్నీ సమానంగా కదులుతున్నాయని, మంచి మాట. ఎడమ పై గది సైజు పెరిగిందనో, మైట్రల్ స్టెనోసిస్, అంటే ఎడమ వైపు వాల్వు సన్నబడింది అనో ఉంటే అది మాత్రం డాక్టరుతో కూర్చుని అడిగి తెలుసుకోవాల్సింది. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి వాల్వు పాడైన వాళ్ళు ఇంకా మన పల్లెల్లో ఉన్నారు.

ట్రెడ్‌మిల్ టెస్టు, టీఎమ్‌టీ, మీ అమ్మగారికి రాస్తారో లేదో చెప్పలేను. రాస్తే చీరతో రావద్దు, చుడీదార్ తెచ్చుకోమనండి, చెప్పులు కాదు, కాలు పట్టుకునే బూట్లు. నడక మెల్లిగా గంటకి 2.7 కిలోమీటర్లతో మొదలవుద్ది గానీ ఎత్తు ఉంటది, ప్రతి మూడు నిమిషాలకి స్పీడూ ఎత్తూ పెంచుతారు. 220 లోంచి వయసు తీసేసి అందులో 85 శాతం దాకా పల్స్ పోవాలి, అంటే ఆమెకి సుమారు 143. ఆడవాళ్ళలో ఈ టెస్టు ఊరికే పాజిటివ్ చూపించే అవకాశం ఎక్కువ, అందుకని దీన్నొక్కదాన్ని చూసి బ్లాకు ఉందని ఎవరూ తీర్పు చెప్పరు. మోకాళ్ళ నొప్పులుంటే ముందే చెప్పండి, వేరే దారులున్నాయి.

హోల్టర్ దగ్గర రొంత ఆగుదాం, ఎందుకంటే దీన్నే జనం ఎక్కువ పాడుచేస్తారు. ఛాతీకి స్టిక్కర్లు అంటించి, చిన్న ఫోన్ సైజు పెట్టె నడుముకో మెడకో తగిలిస్తారు, 24 గంటలో 48 గంటలో ప్రతి దెబ్బా రికార్డు అవుద్ది. హోల్టర్ అనేది మనిషి పేరే, అమెరికాలో మోంటానా వాడు, 1940ల్లో ఆయన మొదట తయారుచేసిన మిషన్ 38 కిలోలు, వీపున మోసుకోని తిరగాలి, ఇప్పుడు జేబులో పట్టేది కూడా బరువనిపిస్తోంది మనకి. స్నానం చెయ్యకూడదు, అది ఒక్కటి గుర్తుంటది అందరికీ. మే నెలలో, రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకి చెమట పట్టి స్టిక్కర్లు ఊడిపోతాయి, వాళ్ళే ఊడింది ఊడినట్టు జాకెట్టులోకి తోసేసి మర్నాడు తెచ్చిస్తారు, రిపోర్టు తీస్తే ఆరు గంటలు గీతలు తప్ప ఏం ఉండదు. కాబట్టి వీలైతే చల్లగా ఉన్న రోజుల్లో పెట్టించుకోండి, ఎండాకాలం తప్పకపోతే స్టిక్కర్లు రెండు అదనంగా అడిగి తీసుకోని, ఊడితే తుడిచి అదే చోట అంటించడం ఎట్టాగో టెక్నీషియన్ చేత చూపించుకోండి. మొగవాళ్ళయితే ఛాతీ వెంట్రుకలు షేవ్ చేస్తారు, మరీ అలిగే పనిలేదు.

ఇంకా పెద్ద తప్పేందంటే హోల్టర్ పెట్టారని ఆ రోజంతా మంచం మీద పడుకోవడం. అట్టా పడుకుంటే ఇంక పెట్టించుకుని లాభమేంది? మీ అమ్మగారు రోజూ చేసే పని చెయ్యాలి, గేదెల కాడికి పోవాలి, మెట్లెక్కాలి, టీ తాగాలి. దడ వచ్చిన నిమిషం పెట్టె మీద బటన్ నొక్కి, టైము, ఆ టైములో ఏం చేస్తున్నారో కాయితం మీద రాయాలి, ఆమె రాయకపోతే ఇంట్లో ఎవరైనా. డాక్టరు చూసేది ఆ టైముకి ఎదురుగా ఏం రికార్డయింది అనేదే. బటన్ నొక్కినప్పుడు నార్మల్‌గా ఉంటే అదీ మంచి జవాబే. రాత్రి నిద్రలో పల్స్ 45, 50 కి దిగిందని రిపోర్టులో ఉంటే కంగారొద్దు, నిద్రలో దిగుద్ది. ఎక్టోపిక్స్ రోజంతా కలిపి కొన్ని వందలు ఉన్నా చాలాసార్లు ఏం చెయ్యరు, మొత్తం దెబ్బల్లో పది శాతం దాటితే అప్పుడు పట్టించుకుంటారు, ఎందుకంటే అంత ఎక్కువగా ఏళ్ళ తరబడి ఉంటే గుండె బలం తగ్గే అవకాశం ఉంది.

మీ అమ్మగారికి దడ నెలకి ఒకటో రెండోసార్లు వస్తదంటే నా అనుభవంలో 24 గంటల హోల్టర్‌లో దొరికే అవకాశం తక్కువ, నార్మల్ వస్తది, మీరేమో డబ్బులు పోయాయి అనుకుంటారు. అడిగి చూడండి, వారం రెండు వారాలు ఉండే ప్యాచ్ రికార్డర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. పదే పదే స్పృహ తప్పి పడిపోయే వాళ్ళకి చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ ఉంది, అది మూడేళ్ళ దాకా కనిపెట్టుకోని ఉంటది, మీకు అంత దూరం అక్కర్లేకపోవచ్చు.

ఇప్పుడు ఆమె భయపడుతున్న వైర్ల సంగతి. ముందు తెలుసుకోవాల్సింది ఏందంటే ఈపీ డాక్టరు కాడికి పోయిన రోజే ఎవరూ వైర్లు వెయ్యరు. ఆయన కథ వింటాడు, ఈసీజీలు కిటికీ వెలుగులో పెట్టి స్కేలు తీసి కొలిచినట్టు చూస్తాడు, అంతే. ఎస్‌వీటీ అని తేలితే సాధారణంగా మూడు దారులు చెప్తారు. ఎప్పుడో వచ్చి దానికదే పోతోంది, పెద్దగా ఇబ్బంది లేదు అంటే ఏం చెయ్యకుండా వదిలేసి, వచ్చినప్పుడు ఆపుకునే కిటుకు నేర్పిస్తారు. లేకపోతే రోజూ బిళ్ళ. లేకపోతే అబ్లేషన్, ఆ తేడా ఉన్న చోటుని వేడితో కాల్చెయ్యడం. మంచి డాక్టరు మూడూ చెప్పి మీ చేతికే వదిలేస్తాడు, మొదటి రోజే "వెంటనే అడ్మిట్ అవ్వండి" అని ఎవరన్నా ఒత్తిడి చేస్తే, మనిషి బాగానే నడిచి తిరుగుతుంటే, ఇంకో ఒపీనియన్ తీసుకోని రండి.

ఆ కిటుకు గురించి, ఇది డాక్టరు ఎస్‌వీటీ అని ఖాయం చేసినాకే. సగం కూర్చోబెట్టి, 10 ఎంఎల్ సిరంజి నోట్లో పెట్టుకోని లోపలి దిమ్మ కదిలేటంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి, ఊదటం ఆపగానే వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకోవాలి, ఇంకో మనిషి సాయం కావాలి. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ట్రయల్‌లో ఇట్టా చేస్తే 43 శాతం మందికి దడ ఆగింది, కాళ్ళు ఎత్తకుండా మామూలుగా ఊదితే 17 శాతం మందికే. పెద్దవాళ్ళకి మెడ నరం నొక్కడం లాంటివి మాత్రం ఇంట్లో ఎవరూ చెయ్యొద్దు. ఆస్పత్రిలో ఆపాలంటే అడెనోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు, అది ఇచ్చిన కొన్ని సెకన్లు ప్రాణం పోతున్నట్టు ఛాతీ బిగుసుకుంటది, మొహం వేడెక్కుద్ది, వెంటనే తగ్గిపోద్ది. ముందే తెలిస్తే భయం సగం తగ్గుద్ది కాబట్టి చెప్తున్నా.

అబ్లేషన్‌కి ఒప్పుకుంటే ముందు ఈపీ స్టడీ, అంటే తేడా ఏ చోట ఉందో లోపల వెతికే టెస్టు, చాలాసార్లు రెండూ ఒకే సిట్టింగులో అయిపోతాయి. దానికి ముందు కొన్ని రోజులు దడ బిళ్ళలు ఆపమంటారు, ఎందుకంటే లోపలికి పోయినాక దడ రావాలి, రాకపోతే చోటు దొరకదు, అయితే వాళ్ళు చెప్పిన తేదీ నుంచే ఆపాలి, సొంతంగా కాదు. ఆరు గంటలు పస్తు. గజ్జల్లో తిమ్మిరి ఇంజెక్షన్ చేసి సిర లోంచి సన్నటి వైర్లు పంపిస్తారు, చాలామంది మెలకువగానే ఉంటారు, గుండెలో వైర్లు ఆనినా నొప్పి తెలీదు. తర్వాత కావాలనే గుండెని పరిగెత్తిస్తారు, ఇక్కడే మనిషి బెదిరిపోతాడు, "ఇదే సార్, ఇంట్లో వచ్చేది ఇదే" అని పేషెంటు అరిస్తే లోపల మేమందరం సంతోషపడతాం, దొరికిందని అర్థం! కాల్చేటప్పుడు కొందరికి ఛాతీలో మంట లాగా అనిపిస్తది, ఒక్కోసారి అర నిమిషమో నిమిషమో. మొత్తం గంట నుంచి మూడు గంటలు. తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి, నిజం చెప్పాలంటే మా పేషెంట్లు ఎక్కువగా తిట్టుకునేది ఈ పడుకోవడాన్నే. మామూలుగా మర్నాడు ఇంటికి పంపిస్తారు, ఒక వారం బిందెలు, బస్తాలు ఎత్తకూడదు.

ఎస్‌వీటీలో ఇది సుమారు 95 శాతం మందికి పనిచేస్తది, కొద్దిమందికి తిరగబెడుద్ది. రిస్కు లేదని చెప్పను, మామూలు కరెంటు దారి పక్కనే కాల్చాలి కాబట్టి నూటికి ఒకరు, అంతకన్నా తక్కువే, ఆ దారి దెబ్బతిని పేస్‌మేకర్ అవసరం పడొచ్చు. ఆ మాట సంతకం పెట్టకముందే నోరు తెరిచి అడగండి. దడ ఆపడానికి కరెంటు షాక్ ఇవ్వడం అనేది కూడా ఈ ఎస్‌వీటీ వాళ్ళకి మామూలుగా అవసరం పడదు, పడితే మత్తిచ్చే ఇస్తారు.

దడ తాళం తప్పి అడ్డదిడ్డంగా ఉంది, ఏఎఫ్, అంటే గుండె పై గదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతున్నాయి అని తేలితే దారి వేరు. అక్కడ దడ కన్నా పక్షవాతం భయం ఎక్కువ, పై గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు. అందుకని వయసు, బీపీ, షుగరు ఇవన్నీ లెక్కేసి రక్తం పలచన చేసే మందు ఇవ్వాలా వద్దా చూస్తారు. మైట్రల్ వాల్వు బాగా మూసుకుపోయిన వాళ్ళకి, మెటల్ వాల్వు పెట్టించుకున్న వాళ్ళకి వార్ఫరిన్, ఎసిట్రామ్ రకమే వాడతారు, రక్తం ఎంత పలచనైందో చూసే ఐఎన్ఆర్ టెస్టు చేయించుకుంటా ఉండాలి. ఆకుకూరలు పూర్తిగా మానెయ్యమని మన దగ్గర చెప్తుంటారు గానీ మానక్కర్లేదు, ఒక వారం అసలు తినకుండా ఇంకో వారం రోజూ తోటకూర, పాలకూర తినడమే ఐఎన్ఆర్‌ని ఆడిస్తది. ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే సర్దుకుంటది.

ఎక్కడికి పోవాలి అంటే, కందుకూరు నుంచి మీకు ఒంగోలే దగ్గర, మొదటి ఎకో, రక్తం టెస్టులు ఒంగోలులో అయినా చేయించుకోవచ్చు, ఆ రిపోర్టులు నెల్లూరులో పనికొస్తాయి. ఈపీ డాక్టరు కోసం ఏ ఊరు పోయినా ముందు ఫోన్ చేసి "ఈపీ స్టడీ మీ దగ్గరే చేస్తారా, ఆ డాక్టరు ఏ రోజు ఉంటారు" అని ఈ రెండూ అడిగి అప్పుడు పినాకిని రైలుకి టికెట్లు తియ్యండి. ఎన్టీఆర్ వైద్యసేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, అందులో వస్తదేమో నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కులో అడ్మిషన్‌కి ముందే అడగాలి, డబ్బు కట్టేసి తర్వాత అడిగితే వాళ్ళేం చెయ్యలేరు.

ఇంక నాయనమ్మ సంగతి. పేస్‌మేకర్ చెక్ అంటే సూదీ లేదు కోతా లేదు, భుజం దగ్గర పేస్‌మేకర్ ఉన్న చోట మౌస్ లాంటిది ఆనించి కంప్యూటర్లో చదువుతారు, పావుగంట పని. బ్యాటరీ ఇంకా ఎన్నేళ్ళు వస్తది, వైరు సరిగ్గా ఉందా, ఈ మధ్యలో గుండె ఏమేం చేసింది అన్నీ వస్తాయి. మధ్యలో టెస్టు కోసం స్పీడు మారుస్తారు, అప్పుడు కొన్ని సెకన్లు దడగానో కళ్ళు తిరిగినట్టో అనిపిస్తది, ముందే చెప్పి ఉంచండి. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పోవాలి, రెండేళ్ళు ఎక్కువ, బ్యాటరీ చివరికొస్తున్న వాళ్ళకైతే మూడు నెలలకే రమ్మంటారు. బ్యాటరీ అయిపోతే పెట్టె ఒక్కటే మారుస్తారు, పాత వైర్లు బాగుంటే అవే ఉంచుతారు. ప్రపంచంలో మొదటిసారి 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకి పేస్‌మేకర్ లోపల పెట్టారు, ఆయన జీవితంలో మొత్తం 26 మార్పించుకోని 2001 దాకా బతికాడు, పోయింది కూడా గుండెతో కాదు, క్యాన్సర్‌తో. ఆమెకి ఈ సంగతి చెప్పండి, ధైర్యంగా ఉంటది.

ఫోను పేస్‌మేకర్ ఉన్న వైపు జాకెట్టులో దోపుకోవద్దు, రెండో చెవి దగ్గర పెట్టుకోని మాట్లాడాలి. ఇండక్షన్ పొయ్యి ఉంటే దానికి రెండడుగులు దూరం. తిరుమలలోనో ఎయిర్‌పోర్టులోనో చెకింగ్‌లో కార్డు చూపిస్తే చాలు.

ఇద్దర్నీ ఒకే ట్రిప్పులో అన్నారు గదా, అవుద్ది గానీ ఒక మెలిక ఉంది. పేస్‌మేకర్ చదివే మిషన్ ఒక్కో కంపెనీకి ఒక్కోటి, ఒకరిది ఇంకోదాన్ని చదవదు, చాలా ఆస్పత్రుల్లో కంపెనీ మనిషే ఆ మిషన్ పట్టుకోని ఫలానా రోజు వస్తాడు. ముందు చెప్పకుండా పోతే అవ్వని అంత దూరం బస్సులో తిప్పి ఉత్త చేతులతో తీసుకొస్తారు. నాయనమ్మకి పెట్టిన రోజు ఇచ్చిన కార్డు మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి, అది పోయుంటే డిశ్చార్జ్ సమ్మరీలో చూడండి, అదీ లేకపోతే పెట్టిన ఆస్పత్రి రికార్డుల్లో అడగండి, ఛాతీ ఎక్స్‌రే చూసి కూడా కంపెనీ గుర్తుపట్టొచ్చు. ఆ పేరు చెప్పి కార్డియాలజీ ఓపీకి ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి, అమ్మగారి అపాయింట్‌మెంటు కూడా ఆ రోజుకే రాయించండి.